మరియంతాల్: నిరుద్యోగం, నిర్వేదం

ఆస్ట్రియాలోని మరియంతాల్ గ్రామానికి జౌళి మిల్లే జీవనాధారం. 1930 ఆరంభానికి అది మూతపడింది. 478 కుటుంబాలలో 367 కుటుంబాలకు సంపాదించేవారే లేకపోయారు. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అక్కడ జరిపిన పరిశీలన 1933లో గ్రంథంగా వెలువడింది.

తీరిక పెరిగితే పఠనం పెరగాలి. గ్రామ గ్రంథాలయం రుసుము కూడా ఎత్తివేసింది. అయినా 1929-31 మధ్య పాఠకులు తీసుకువెళ్లిన పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. పఠనాన్ని కేవలం అభిరుచికి ముడిపెట్టే సాహిత్య చరిత్రకారులు గమనించవలసిన విషయమిది. వీధిలో పురుషుల నడక సైతం మందగించింది.

పరిశోధకులు కుటుంబాలను మనఃస్థితిని బట్టి నాలుగు తెగలుగా విభజించారు: చెక్కుచెదరనివి, సర్దుకుపోయినవి, నిరాశకు లోనైనవి, పూర్తిగా ఉదాసీనమైనవి. ఒక్కొక్క వయోజనునికి లెక్కగట్టిన సగటు నెలసరి ఆదాయం వరుసగా 34, 30, 25, 19 షిల్లింగులు. ఇది వైద్య నిర్ధారణ కాదు. ఆ ఉదాసీనతను నేటి కుంగుబాటు వ్యాధితో సమీకరించడం తొందరపాటే. అయితే నిర్వేదం వ్యక్తి స్వభావ దౌర్బల్యమన్న వాదం ఈ అంకెల ముందు నిలవదు.

లేమి తిరుగుబాటుకు దారితీస్తుందన్న అంచనాకూ ఇక్కడ ఆధారం దొరకలేదు. పరిశోధకులు స్వయంగా సోషలిస్టులు. ఆ గ్రామంలో సోషలిస్టు పార్టీ పత్రికకు చందాదారులు సైతం తగ్గిపోయారు.