పెట్టె పట్టిన రాత్రులు

ఇనుండ్రి పిల్లలూ, ఆర్కెస్ట్రా అంటె మీకు పాటలొక్కటే యాదికొస్తయి. మా కాలంల గట్ల కాదు. గణపతి నవరాత్రులకో, దసరాకో బయ్యారం, గార్ల, డోర్నకల్, మానుకోట దిక్కు పిలిస్తె పాటలు, మిమిక్రీ, డాన్సు, హాస్య నాటిక అన్నీ ఒక్క రాత్రే. వెరైటీ షో అని మైకుల చెప్పేటోళ్లు. నాది హార్మోనియం. మేమంత పెట్టె అనేటోళ్లం. ఒకడు దిగి ఇంకొకడు స్టేజి ఎక్కేదాంక జనం లేవకుండ కూసోబెట్టుడు ఆ పెట్టె పనే.

బస్టాండుల పాటల పుస్తకాలు అమ్మేటోళ్లు గని, అండ్ల మాటలే ఉంటయి, స్వరం ఉండదు. రేడియో సిలోన్ల మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటలొస్తుంటె చెవి ఆనిచ్చి కూసునేది. పల్లవి ఒక్కపారికే పట్టుబడేది. నడుమ వచ్చే బిట్లే కష్టం. మద్రాసుల అంతమంది కూసోని వయొలిన్లు వాయించిన బిట్టును, ఎడమచేత్తోటి గాలి కొట్టుకుంట కుడిచేతి వేళ్లతోటే పలికియ్యాలె.

చవితంటె వానలాయె. తేమకు చెక్క ఉబ్బి, ఒత్తిన మెట్టు పైకి రాకపోయేది. రీడుల దుమ్ము పడితె మూగవోతది. పై చెక్క విప్పి, బ్లేడు కొస రీడు కిందికి పోనిచ్చి మెల్లగ లేపాలె. గట్టిగ లేపితె శ్రుతే పోతది.

ఓరుగల్లు నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరు అప్పటికే మోగుతుండె. ఐక్యరాజ్యసమితిల గూడ మిమిక్రీ చేసిన మనిషి, 2001ల పద్మశ్రీ వచ్చింది. ఆయనను చూసి మా దిక్కు ప్రతి ఆర్కెస్ట్రాల ఒక మిమిక్రీ పిల్లగాడు తయారైండు. మావోడు డోర్నకల్ల బొగ్గింజను కదిలే చప్పుడు నోటితోటి చేస్తుంటె, నేను పక్కపక్క మెట్లు రెండు కలిపి ఒత్తి కూత ఏసేది.

అన్నిట్లకెల్ల బొగ్గుట్టల వాయించుడంటె నాకు పానం. మన ఇల్లెందే. 1889ల అక్కడ బొగ్గు తవ్వుడు మొదలైంది, సింగరేణికి పుట్టిల్లు. షిఫ్టు దిగినోళ్లు ఇంటికి గూడ పోకుండ వచ్చి ముందల కూసునేది. చీటీ మీద పాట పేరు రాసి, రూపాయి నోటు పిన్నీసుతోటి గుచ్చి పంపేది. 1974 ఫిబ్రవరిల ఘంటసాల మాస్టారు పోయినంక చీటీలన్నిట్ల ఆయన పాటలే. మా గాయకునిది అంత గొంతు కాదు. పై స్థాయికి పోయే కాడ ఆ స్వరం నేను ముందే పట్టుకోని ఉండేది, ఆయన గొంతొచ్చి దాని మీద నిలబడేది. ఒక రాత్రి ఓ ముసలి కార్మికుడు స్టేజి కాడికొచ్చి, కండ్లు తుడుసుకుంట, “మల్లొక్కపారి పాడుండ్రి అయ్యా” అన్నడు. పాడినం.

తర్వాత కీబోర్డులొచ్చినయి. వయొలిను, ఫ్లూటు అన్నీ అండ్లనే. నేను గూడ కొన్నేండ్లు వాయించిన, మంచి సాధనమే. గని అండ్ల తాళం నొక్కితె పోతనే ఉంటది. పాడేటోడు దమ్ము తీసుకున్నా ఆగదు, జనం చప్పట్లు కొట్టినా ఆగదు. పెట్టె పట్టిన రోజులల్ల నేను పాడేటోని పెదవులు చూసుకుంట వాయిస్తుంటి, తబలా అన్న నన్ను చూసుకుంట కొడుతుండె.