మోలియర్ పెట్టిన టోపీ

తెలుగుల ఒకరికి టోపీ పెట్టుడు అంటే మోసం చేసుడు. మూడున్నర సదుల కింద ఫ్రెంచి నాటకకర్త మోలియర్ నిజంగనే ఒకాయన నెత్తిన తలపాగా పెట్టించి మోసం చేయించిండు. ‘లె బూర్జువా జాంతియోం’ అనే ఆ నాటకం 1670 అక్టోబర్ 14న షాంబోర్ కోటల బాద్షా పద్నాలుగో లూయీ ముందు ఆడిన్రు. బట్టల బేహారి కొడుకు జుర్దేన్‌కు అమీర్ల సరసన కూసోవాలని పిచ్చి. బిడ్డను అమీర్‌కే ఇస్తనని జిద్దు. ఆ పిల్ల మనసుపడ్డ పిలగాడు తుర్కీ సుల్తాన్ కొడుకు వేషం కట్టి వస్తడు. దొంగ ముఫ్తీ, దొంగ దర్వేషులు అర్థంలేని జబాన్‌ల పాడుకుంట జుర్దేన్‌కు తలపాగా చుట్టి, ‘మమముషీ’ అని ఖితాబ్ ఇస్తరు. పెళ్లి ఖాయమైతది.

అంతకు ముందటేడే ఉస్మానీ సుల్తాన్ ఎల్చీ సులేమాన్ ఆఘా ఫ్రాన్స్ దర్బారుకు వచ్చి పోయిండు. ఆ షాన్‌ను చూసి ఆయన పెద్దగా ముచ్చటపడలేదు. ఆ తర్వాత లూయీకి రంగస్థలం మీద తుర్కుల తమాషా కావాలనిపించింది. నవ్వు జుర్దేన్ షోకు మీదనే. కానీ ఆ నవ్వుకు సామాను మాత్రం మన లిబాస్, మన దువా.

అదే మోలియర్ రాసిన ‘తార్తూఫ్’ కథ వేరు. తార్తూఫ్ పక్కా రియాకార్. నోట్లె ఖుదా, కండ్లల్ల పరాయి ఆస్తి. ఒర్గోన్ అనే అమాయకుడు ఇతన్ని పుణ్యాత్ముడనుకొని ఇంట్ల పెట్టుకుంటడు, బిడ్డనిస్తనంటడు, ఇల్లు రాసిస్తడు. ఆఖరికి భార్య అతన్ని మేజా కింద దాపెట్టి, ఆ పెద్దమనిషి తనతోటి ఏం మాట్లాడుతడో వినిపిస్తది. ఇక్కడ వేషం పరాయి దేశానిది కాదు, వాళ్ల సొంత మజ్‌హబ్‌ది. అందుకే కోపం కూడ గట్టిగనే వచ్చింది. 1664 మేల వెర్సాయిల ఒకసారి ఆడంగనే బంద్ పెట్టిన్రు. 1667ల పేరు మార్చి ఆడితే మళ్ల బంద్. చూసినోళ్లను మజ్‌హబ్ నుంచి వెలివేస్తనని ప్యారిస్ ఆర్చిబిషప్ హుకూం జారీ చేసిండు. 1669 ఫిబ్రవరి 5న గానీ ఇజాజత్ దొరకలేదు.

ఈ తారీఖ్‌ల మన గోల్కొండ కూడ ఉన్నది. మోలియర్ దోస్త్ షపెల్‌కు ఇంకో దోస్త్ ఉన్నడు, హకీం బెర్నియే. మొగల్ అమీర్ దానిష్‌మంద్ ఖాన్ దగ్గర నౌకరీ చేసిన ఈ హకీం 1667ల గోల్కొండకు వచ్చిండు. అదే ఏడు అక్కడ తార్తూఫ్ మీద రెండో బంద్ పడ్డది. వాపస్ పోతూ షీరాజ్ నుంచి షపెలేన్‌కు హిందుస్తాన్ జోగుల, ఫకీర్ల గురించి లంబా ఖత్ రాసిండు. పరాయి మజ్‌హబ్ వేషాలు ఎవరికైన కనపడ్తయి. మోలియర్ తన మొహల్లా వేషం చూపిండు, దానికి అయిదేండ్లు కొట్లాడిండు.

ఆ కొట్లాట విలువ ముస్లిం దేశాలల్ల కొందరికి జల్దీ సమఝ్ అయింది. ‘కంజూస్’ కథను ఆనవాలుగ పెట్టుకొని 1847ల బేరూత్‌ల మారూన్ నక్కాష్ తన ఇంట్లనే ‘అల్ బఖీల్’ ఆడించిండు. కంజూసుల మీద నవ్వు అరబ్బులకు కొత్త కాదు. తొమ్మిదో సదీలనే బస్రా జాహిజ్ ‘కితాబుల్ బుఖలా’ రాసి పెట్టిండు. తార్తూఫ్‌ను 1873ల మిస్ర్‌ల ముహమ్మద్ ఉస్మాన్ జలాల్ ‘అల్ షేఖ్ మత్‌లూఫ్’ చేసిండు. క్రైస్తవ దొంగభక్తుడు పోయి ముస్లిం షేఖ్ వచ్చిండు, అది కూడ ఖాహిరా గల్లీల జబాన్‌ల. ‘వాళ్ల పాదిరీలు ఇట్లనే ఉంటరు’ అని నవ్వుకొని వదిలేసేటందుకు జాగా లేకుండ చేసిండు. సినిమాల జర్మన్ డైరెక్టర్ ముర్నావ్ కూడ ఇదే పని చేసిండు. 1925ల తీసిన తన మూకీ తార్తూఫ్‌ను ఒక ముసలాయన్ను మోసం చేస్తున్న పనిమనిషి కథ నడుమ పెట్టిండు, అది కూడ తన జమానా ఇంట్లనే.

మా కాళేశ్వరంల ప్రాణహిత వచ్చి గోదావరిల కలుస్తది. రేవు దాటినంక ఆ నీళ్లు ఏవి, ఈ నీళ్లు ఏవి అని ఎవరూ అడుగరు. అనుసరణ అంటే నా లెక్కల అదే. ఆ గోదావరి కిందికి పోయి రాజమండ్రి తాకుతది. అక్కడ బడిపంతులు భమిడిపాటి కామేశ్వరరావు (1897–1958) మోలియర్ హాస్యాన్ని తెలుగు చేసిండు. పెండ్లి బేరాలు, ఇంటి పెత్తనాలు, ముసలి మొగుళ్ల షోకులు గోదావరి మాటల నడిచినయి. జనం ఆయన్ను హాస్యబ్రహ్మ అన్నరు.

కాళేశ్వరం నుంచి గోదావరి దాటితే సిరొంచ, ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. ఆ ఛత్తీస్‌గఢ్ బిడ్డ, రాయ్‌పూర్‌ల పుట్టిన హబీబ్ తన్వీర్, జుర్దేన్‌ను హిందుస్తానీ చేసిండు. ఒకసారి మీర్జా షోహ్రత్ బేగ్ అన్నడు, ఒకసారి లాలా షోహ్రత్ రాయ్ అన్నడు. షోహ్రత్ పిచ్చికి మజ్‌హబ్ లేదని ఆ రెండు పేర్లే చెప్తయి.

మన వెండితెరకు వస్తే, జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ (1987) మోలియర్ నుంచి తీసుకున్నది కాదు, ఆదివిష్ణు నవల నుంచి వచ్చింది. అయినా కోడిని చూరుకు వేలాడదీసి, దాన్ని చూసుకుంట ఉత్త అన్నం తినే లక్ష్మీపతి ఆ కంజూస్ ఖాందాన్ మనిషే. తెలుగోడు తన పిసినారిని తనే చూసుకొని నవ్విండు. అదే తెలుగు సినిమాల సాయిబు కనపడంగనే ‘నమ్మల్కి, నిమ్మల్కి’ అంటే చాలు, నవ్వు రెడీ. ఉర్దూ మీడియంల చదివి తెలుగు డిగ్రీకి పోయిన నాకు ఆ నవ్వు క్లాసుల గూడ ఇనిపించింది. షాంబోర్‌ల దొంగ ముఫ్తీ జబాన్ మీద నవ్విన నవ్వుకు అది చిన్న తమ్ముడు.

దానికి జవాబు అడిగితే నేను మత్‌లూఫ్‌ను చూపిస్త. మన వక్ఫ్ జమీన్ మింగి ముందు సఫ్‌ల నిలబడేటోన్ని, బిడ్డల మెహర్ ఎగ్గొట్టి ఇస్లాహ్ తక్రీర్లు చేసేటోన్ని మనమే తెలుగు రంగస్థలం ఎక్కియ్యాలె. మన జబాన్ వెక్కిరింపు సామాను కాకుండ, అసల్ సంగతి చెప్పే జబాన్‌గ అక్కడ వినపడాలె. పక్క మొహల్లా వాళ్లు కూడ అట్లనే వాళ్ల తార్తూఫ్‌ను ఎక్కియ్యాలె. ఎవరి ఇంట్లోన్ని వాళ్లు చూపెడితే తార్తూఫ్‌కు దాక్కునే ఇల్లు దొరకదు.