దుంగ నుంచి ముక్క దాకా: అమెరికా బార్బెక్యూ చరిత్రలో కట్టె కొట్టే శ్రమ

కీలక పదాలు: బార్బెక్యూ, పొగపట్టించడం, కట్టె పరిమాణం, బానిస శ్రమ, టెక్సస్.

ఆహారాన్ని పొగపట్టించే పద్ధతులను గురించిన రచనల్లో మాంసానికి, మసాలాకు, వండినవారి పేరుకు దక్కిన చోటు కట్టెకు తరచు దక్కదు. ప్రస్తావన వచ్చినా అది ఏ చెట్టు కట్టె అన్నదగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎంతెంత ముక్కలుగా కొట్టారు, ఎవరు కొట్టారు అన్న ప్రశ్నలు పక్కకు పోతాయి. అమెరికా దక్షిణాది బార్బెక్యూ చరిత్రను ఈ ప్రశ్నలతో పరిశీలిస్తే, కట్టె పరిమాణం పొయ్యి నిర్మాణాన్నే కాక శ్రమ ఎవరి భుజాన పడిందో కూడా తెలుపుతుంది.

తెలుగులో దుంగ, మొద్దు, పేడు, చిదుగు, పొట్టు అనేవి ఒకే పదార్థానికి కొలతను బట్టి ఏర్పడిన పేర్లు. ఈ వ్యాసానికి ఇంతకన్న అనువైన పరిభాష అక్కరలేదు.

19వ శతాబ్దపు దక్షిణాదిలో విందులకు, రాజకీయ సభలకు నేలలో పొడవాటి గుంట తవ్వేవారు. ఓక్, హికరీ వంటి గట్టి కట్టెను కాల్చి నిప్పులు చేసి, గుంట మీద పరిచిన కర్రలపై మాంసాన్ని రాత్రంతా వండేవారు. కావలసినవి నిప్పులే కనుక కట్టెను సన్నగా చీల్చే అవసరం తక్కువ; మోయగలిగినంత మొద్దు చాలు. కాని ఒక్క విందుకే అపారమైన కట్టె కావాలి. నరకడం, మోయడం, గుంట తవ్వడం, నిప్పు కాయడం ఎక్కువగా బానిసత్వంలో ఉన్న ఆఫ్రికన్ సంతతివారి పని. 1936–38 మధ్య సమాఖ్య రచయితల పథకం పూర్వ బానిసల కథనాలను సేకరించింది. వాటిలో సౌత్ కరోలినాకు చెందిన వెస్లీ జోన్స్ రాత్రంతా మేలుకొని మాంసానికి పులుపూ కారమూ కలిపిన పూత పూస్తూ వండిన తీరును చెప్పారు. ఈ కథనాలను సేకరించినవారిలో అత్యధికులు శ్వేతజాతీయులు. అడిగిన ప్రశ్నలు వారివే కనుక, చెప్పినదానితోపాటు అడగనిదాన్ని కూడా గమనిస్తూ వీటిని చదవాలి.

మధ్య టెక్సస్‌లో పరిస్థితి వేరు. జర్మన్, చెక్ వలసదారుల మాంసపు దుకాణాల్లో పొయ్యి నేలను వదిలి ఇటుక గోడల మధ్యకు చేరింది. 1900లో లాక్‌హార్ట్‌లో మొదలైన క్రౌట్స్ మార్కెట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇక్కడ పోస్ట్ ఓక్ కట్టె పొయ్యి ఒక కొసన మండుతుంది. వేడీ పొగా మాంసం మీదుగా సాగి గొట్టంలోకి పోతాయి. కుటుంబ తగాదా కారణంగా 1999లో ఈ దుకాణం కొత్త భవనానికి మారినప్పుడు పాత పొయ్యిలోని నిప్పులను తొట్టిలో వీధి వెంట ఈడ్చుకెళ్లారు. ఆ నిప్పుల ప్రయాణం బార్బెక్యూ రచనల్లో తరచు కనిపిస్తుంది. ఆ నిప్పులకు కట్టె కొట్టినవారు కనిపించరు.

పొగ నేరుగా మాంసాన్ని తాకే ఈ పద్ధతిలో చీల్చడం వంటలో భాగమే అయింది. బెరడు చుట్టి ఉన్న మొద్దులో తడి ప్రధానంగా రెండు కొనల నుంచే పోతుంది. దాన్ని నిలువునా చీల్చి పేళ్లు చేస్తే లోపలి చెక్క గాలికి తెరుచుకుంటుంది. తడి కట్టె వేడిని ఆవిరికే ఖర్చుచేసి, చేదైన దట్టపు తెల్లపొగ ఇస్తుంది. ఆరిన కట్టె చక్కగా మండితే చెక్కలోని లిగ్నిన్ విడిపోయి గ్వాయకాల్, సిరింగాల్ వంటి పదార్థాలు పుడతాయి. పొగరుచి చాలావరకు వీటిదే. అందుకే అనుభవజ్ఞుడు మొద్దు కొనమీది పగుళ్లను చూసి, ముడిని తప్పించి దెబ్బ వేస్తాడు. ముడి ఉన్నచోట గొడ్డలి దిగదు. ఇనుప చీల, సమ్మెట కావాలి. ఈ తెలివిని పాకశాస్త్రం కింద లెక్కించకపోవడం లోపమే.

పిడికెడు ముక్క చరిత్ర మరోలా మొదలవుతుంది. 1920లలో హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మిగిలిన చెక్కను బొగ్గు బిళ్లలుగా మార్పించాడు. 1952లో జార్జ్ స్టీఫెన్ మూత ఉన్న గుండ్రటి పొయ్యిని రూపొందించాడు. పెరటిలో వేడి బొగ్గు నుంచి వస్తున్నప్పుడు కట్టె పని వాసన ఇవ్వడమే. పేడు ఆ పొయ్యిలో పట్టదు, చిదుగు క్షణాల్లో కాలిపోతుంది. నిదానంగా రాజుకునే ముక్క ఈ రెంటికీ నడుమ నిలిచింది. రంపంతో అడ్డంగా కోసి, యంత్రంతో చీల్చి, ఆరబెట్టి సంచుల్లో నింపిన ముక్కలు అంగడికి వచ్చాయి. కొనేవాడికి గొడ్డలితో పనిలేదు. సంచి మీద హికరీ, ఓక్, యాపిల్ అని చెట్టు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.