కట్టుమరము – మన తెప్ప

మధ్యధరా సముద్రతీరమున గ్రీసు, క్రొయేషియా మొదలగు దేశముల రేవులలో వేసవి దినములందు ఒక విహారపద్ధతి వాడుకలో నున్నది. ఎనమండుగురో పదిమందియో బంధుమిత్రులు చేరి ఒక తెరచాప నౌకను వారము దినములకు బాడుగకు తీసికొందురు. వ్యయమును తలకింతయని పంచుకొని దీవినుండి దీవికి సాగిపోవుదురు. వారిలో నౌకను నడుప నేర్చినవాడు లేకున్న సరంగును కూడ కుదుర్చుకొందురు. రెండు సన్నని పడవలను ప్రక్కప్రక్కన నిలిపి నడుమ వేదిక కట్టినట్లుండు ఆ నౌకకు ‘కాటమరాన్’ అని పేరు.

కొండలనడుమ కోరాపుటు, రాయగడలలో నివసించు మనకు ఈ విహారముతో పని యేమి యని పాఠకులు శంకింపవచ్చును. ఆ పేరు మన దక్షిణదేశపు తూర్పుతీరమున పుట్టినది. ఆ తీరముతో మన కొండలకు చిరకాల సంబంధము కలదు.

‘కట్టుమరం’ తమిళపదము, కట్టిన మ్రానులని దాని అర్థము. ‘కట్టు’ తెలుగునను కలదు. ‘మరము’, ‘మ్రాను’ తోబుట్టువులు. 1697లో వెలువడిన తన భూప్రదక్షిణ గ్రంథమున ఆంగ్లనావికుడు విలియం డాంపియర్ కోరమాండల్ తీరపు వాడుకగా ఈ పేరును పేర్కొనెను. తెలుగు జాలరులు దీనిని ‘తెప్ప’ యందురు. తేలికపాటి దుంగలను చెక్కి, త్రాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. దానికి కడుపు లేదు గనుక నీరు నిండి మునుగుట లేదు. పైకెక్కిన అల దుంగల సందులనుండి జారిపోవును. రేవులేని ఇసుకతీరమున, విరిగిపడు కెరటముల నెదిరించి పోవలసినవారు తమ అనుభవముచే సాధించిన నిర్మాణమిది. వేటనుండి మరలిన పిదప కట్లు విప్పి దుంగలను ఆరబెట్టుట ఆచారము. నీరు పీల్చిన కొయ్య బరువెక్కును గదా!

జంటపడవల నిర్మాణము మాత్రము పసిఫిక్ దీవులవారిది. 1876లో అమెరికాలో నథానియేల్ హెరెషాఫ్ నిర్మించిన ‘అమరిల్లిస్’ అను జంటపడవ నౌక పందెమున తక్కిన నౌకలను వెనుకవేసెను. అట్టి నౌకలకు పాశ్చాత్యులు మన తీరపు పేరునే స్థిరపరచిరి. పేరు ఒక సముద్రమునుండి, రూపము మరియొక సముద్రమునుండి వచ్చి ఒక్కటైనవి.

ఇక మన కొండల మాట. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడు వరకు జయపురము జమీందారీ మద్రాసు రాజధానిలో విశాఖపట్టణము జిల్లాలోనిది. బంజారాలు ఎద్దులపై సముద్రపు ఉప్పును కొండలకు తెచ్చి, ఇక్కడి ధాన్యమును దిగువకు గొనిపోయెడివారు. రాయగడ నొరసి పారు నాగావళి శ్రీకాకుళము చెంత కడలి చేరును. వంశధార కళింగపట్టణము కడ కలియును. 1931లో రాయగడ మీదుగా రాయపురము–విజయనగరము రైలుమార్గము పూర్తియయ్యెను. 1933లో విశాఖ రేవు తెరువబడెను. నేడు కోరాపుటు జిల్లాలోని దామంజోడి అల్యూమినా ఆ రేవునుండి ఓడలకెక్కుచున్నది. ఒడిశా తీరమున పూరీలోని పెంఠకటాలో తెలుగు జాలరుల పెద్దపల్లె యొకటి కలదు. అచ్చటికి మన భాషను తెప్పలే చేర్చినవని చెప్పినను తప్పులేదు.

బాడుగ విషయమున ఒక భేదమును గమనింతము. మధ్యధరా విహారులు నౌకకు ముందుగా రొక్కము చెల్లింతురు. గాలి అనుకూలింపకున్నను బాడుగ బాడుగయే. మన జాలరులలో పడిన చేపలలో మనుషులకు వాటాలున్నట్లే తెప్పకొక వాటా, వలకొక వాటా తీయుట పరిపాటి. వేట లేనినాడు తెప్ప యజమానికిని వాటా లేదు. లాభనష్టములు రెండును ఆ వాటాలలోనే ఇమిడియున్నవి.

1980 తరువాతి దశకములలో ఫైబరు పడవలును, యంత్రములును వచ్చి తెప్పలు తరిగిపోవుచున్నవి. జాలరికి శ్రమ తగ్గుట సంతోషింపదగినదే. కాని తెప్పతోపాటు దుంగల పేర్లు, కట్ల పేర్లు, గాలుల పేర్లు, నీటివాలుల పేర్లు కూడ మరుగుపడుచున్నవి. విదేశపు రేవులలో ఒక్క మాట నిలిచినది. ఇంటిలోని నూరు మాటలు వ్రాతకెక్కకయే పోవుచున్నవి. సెలవులకు శ్రీకాకుళము, పూరీ తీరములకు పోవు మన యువకులు అచ్చటి వృద్ధ జాలరులను సమీపించి ఆ మాటలను వ్రాసికొని వచ్చినచో మన సంఘము వానిని సంతోషముతో ప్రకటింపగలదు. ఆ పని ఆ పెద్దలు మన నడుమ నుండగనే జరుగవలెను.