అగరియా కొలిమి, భిలాయి కొలిమి

మానవశాస్త్రమనగానే మనలో పెక్కుమందికి పుఱ్ఱెలను కొలుచుట, అడవి జనుల ఆభరణములను గాజు బీరువాలలో అమర్చుట స్ఫురించును. బి.ఏ. చదువుకొన్న దినములలో నాకును అట్టి అభిప్రాయమే ఉండెను. రాజుల చరిత్ర చదివినవారికి రాజ్యము లేని జనుల చరిత్ర చరిత్రగా కనబడుట కష్టము. పిమ్మట సచివాలయపు కొలువులో చేరి, ఫైళ్ళ నడుమ ఇరువది సంవత్సరములు గడపిన తరువాత నాకు తెలిసివచ్చినదేమనగా, ఆ శాస్త్రము గాజు బీరువాలో లేదు. మన బల్లమీది కాగితములలోనే ఉన్నది. ఎవరు ఏ తెగవారు, ఏ పేరు ఏ జాబితాలో ఉండవలెను, ఎవరికి ఏ హక్కు చెల్లును అను ప్రశ్నల వెనుక ఎప్పుడో ఒక పండితుడు వ్రాసిన పుట ఒకటి తఱచుగా కనబడును. ఆ పుటకును, మనము నివసించు ఈ భిలాయికిని గల సంబంధమును సభ్యుల ముందుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ శాస్త్రము మన దేశమున మొదట పరిపాలకుల అవసరము కొఱకే పెరిగినది. జనులను లెక్కించి, పేర్లు పెట్టి, వరుసలో నిలుపుట నాటి ఆంగ్ల ప్రభుత్వమునకు కావలసి వచ్చెను. 1901 జనగణనతో ముడిపడిన రిజ్లీ దొర ముక్కుల కొలతలనుబట్టి కులముల తారతమ్యమును నిర్ణయింప యత్నించినాడు. ఆ సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు ఏనాడో త్రోసిపుచ్చినారు. దక్షిణదేశమును గూర్చి థర్‌స్టన్ దొర, రంగాచారిగారు 1909లో ఏడు సంపుటములు ప్రకటించినారు. మనము నేడున్న ఈ మధ్యపరగణాలను గూర్చి రస్సెల్ దొర, రాయబహదూర్ హీరాలాల్‌గారు 1916లో నాలుగు సంపుటములు వెలువరించినారు. హీరాలాల్‌గారు ఈ ప్రాంతపు శాసనములను శోధించిన పండితులు. అయినను రెండు గ్రంథములందును దొర పేరు ముందు, దేశీయుని పేరు వెనుక. ఆ దేశీయునికి కథ చెప్పిన పల్లెవాని పేరు చాలచోట్ల అసలే లేదు.

ఉక్కు నగరవాసులమైన మనము తప్పక తెలిసికొనవలసిన గ్రంథము మఱొకటి కలదు. అది వెరియర్ ఎల్విన్ 1942లో ప్రకటించిన ‘ది అగరియా’. ఎల్విన్ 1902లో ఇంగ్లండులో జన్మించి, ఆక్స్‌ఫర్డునందు చదివి, 1927లో క్రైస్తవ సేవాసంఘమొకదానితో ఈ దేశమునకు వచ్చి, గాంధీమహాత్ముని ప్రభావమునకు లోనై, మత ప్రచారమును విడిచి, మైకల్ కొండలలో గోండుల నడుమ కాపురముండెను. 1954లో భారత పౌరుడయ్యెను. అగరియాలు ఆ కొండలలో ఇనుపరాతిని కరగించి ఇనుము తీయు తెగ. మట్టితో కట్టిన చిన్న కొలిమి, అడవి కట్టెల బొగ్గు, కాళ్ళతో త్రొక్కు తోలుతిత్తులు, ఇవియే వారి కర్మాగారము. ఆ తిత్తులు త్రొక్కు పనిలో స్త్రీలకు పెద్దపాలు ఉండెను. కొలిమియందు లోహాసురుడు, బొగ్గునందు కోయిలాసురుడు, నిప్పునందు అగ్యాసురుడు వసింతురని వారి విశ్వాసము. పూర్వము లోగుండి అను రాజు లోహ నగరమును ఏలెనని వారు కథ చెప్పుకొందురు.

ఆ కొలిములు ఆరిపోవుటకు కారణమేమి? ప్రభుత్వము కొలిమికి ఇంతయని పన్ను విధించెను. బొగ్గుకై అడవిలో కట్టె కొట్టుటకు ఆంక్షలు పెట్టెను. మఱియొక ప్రక్క యంత్రశాలల చౌక ఇనుము సంతలలోనికి వచ్చెను. కొలిమి ఆరినచోట జీవనోపాధి మాత్రమే కాదు, దేవతయు కథయు కూడ చెదరిపోయెనని ఎల్విన్ వాదము. ఇది మనకు పరాయి కథ కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రమున మూసలలో ఉక్కు కరగించిన తెలుగు కమ్మరుల సరకు ఒకప్పుడు పారశీక దేశమునకు ఎగుమతి అయ్యెడిది. ఆ విద్యయు అట్లే అడుగంటినది.

ఎల్విన్ వ్రాతలు విశ్వవిద్యాలయములలోనే నిలిచిపోలేదు. దేశమంతట చర్చకు వచ్చినవి. 1939లో ‘ది బైగా’ గ్రంథమున ఆయన ఆ జనులను వ్యాపారులనుండియు వడ్డీవారినుండియు కాపాడుటకు ప్రత్యేక రక్షిత ప్రదేశము కావలెనని సూచించెను. మనుషులను జంతుప్రదర్శనశాలలో ఉంచుదురా యని విమర్శకులు ధ్వజమెత్తినారు. బొంబాయి విశ్వవిద్యాలయ ఆచార్యులు ఘుర్యేగారు 1943లో ప్రకటించిన గ్రంథమున, వీరు వేఱు జాతివారు కారనియు, వెనుకబడిన హిందువులేయనియు, ప్రధాన సమాజమున కలియుటయే వీరికి మేలనియు వాదించినారు. ఎల్విన్ తరువాత తన సూచనను సడలించుకొనెను. 1958లో ఎల్విన్ గ్రంథపు రెండవ కూర్పునకు వ్రాసిన పీఠికలో నెహ్రూ పండితుడు మధ్యమార్గము చూపినాడు: జనులు తమ ప్రతిభననుసరించి ఎదుగవలెను, బయటినుండి ఏదియు రుద్దరాదు, భూమిపైనను అడవిపైనను వారి హక్కును గౌరవింపవలెను. ఈ వాదమును చదువునపుడెల్ల నాకొక లోటు కనబడును. ఇరుపక్షములవారును మహాపండితులే, కాని బైగాలకు ఏమి కావలెనో బైగాయే చెప్పిన పుట ఆ చర్చలో ఎంత వెదకినను అరుదు.

చదువు పాలనగా మారిన ఉదాహరణము మన తెలుగునాటనే కలదు. 1940లో ఆదిలాబాదు అడవులలో కొమరం భీము నాయకత్వమున గోండులు తిరుగబడి, జోడెన్‌ఘాట్‌వద్ద భీము నేలకొరిగిన పిమ్మట, వారి కష్టములకు మూలమేమో విచారించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన హైమెన్‌డార్ఫ్‌ను వినియోగించెను. ఆయన చెంచులను గూర్చి 1943లోను, కొండరెడ్లను గూర్చి 1945లోను, రాజగోండులను గూర్చి 1948లోను గ్రంథములు ప్రకటించినాడు. అంతటితో ఆగక మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణము, గోండీ భాషలో వాచకములు, సాగుదారులకు భూమి పట్టాలు సాధించుటకు పాటుపడినాడు. నేటికిని మార్లవాయిలో ఆ దంపతుల సమాధులను గోండులు గౌరవించుచున్నారు. గ్రంథకర్తకు ఇంతకుమించిన సన్మానము నాకు తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌కును తెలుగుదేశమునకును వంతెనవంటి పండితుడొకరు కలరు. వారు శ్యామాచరణ్ దూబేగారు. ఆయన ఛత్తీస్‌గఢీ జానపద గీతములను సేకరించి, కమార్ తెగను గూర్చి 1951లో గ్రంథము ప్రకటించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేయుచు హైదరాబాదు సమీపమందలి శామీర్‌పేట గ్రామమును పరిశోధించినారు. 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ ఆ పరిశోధన ఫలమే. అడవి తెగలకే పరిమితమనుకొన్న శాస్త్రము రెడ్డి, మాల, మాదిగ, కుమ్మరి కలిసి బ్రతుకు సాధారణ తెలుగు పల్లెవద్దకు వచ్చెను. పరిశోధింపబడువారు ‘వారు’ మాత్రమే కాదు, ‘మనము’ కూడ నని ఆ గ్రంథము నేర్పినది. నేడు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందును, మన ప్రక్కనే రాయపురమున రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయమునందును ఈ శాస్త్రమును బోధించు శాఖలు గలవు.

ఇక ‘మనము’ అను మాట నిజముగా మన గుమ్మములోనికి వచ్చినది. 1955లో సోవియట్ దేశముతో ఒప్పందము జరిగి, 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు మొదటి ఊదు కొలిమిని ప్రారంభించిన ఈ నగరమును గూర్చి లండను ఆచార్యులు జొనాథన్ ప్యారీ 1993నుండి పలుమార్లు ఇచ్చట నివసించి పరిశోధించినారు. అజయ్ టి.జి. సహకారముతో వ్రాసిన ఆ గ్రంథము ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ 2020లో వెలువడెను. అందులోని కొన్ని సంగతులు మనకు ఇంపుగా ఉండవు. నిర్మాణకాలమున నరబలులు ఇత్తురను వదంతులు చుట్టుప్రక్కల పల్లెలలో వ్యాపించెనట. భూములు కోల్పోయిన పల్లెవారిలో పెక్కురు మొదట కర్మాగారపు పనికి జంకిరి. ఆ స్థానములను దేశపు నలుమూలలనుండి వచ్చినవారు నింపిరి. ఆ వచ్చినవారిలో మన తెలుగువారమును ఉంటిమి. కొన్నాళ్ళకు స్థానికులు ఉద్యోగము కోరు సరికి ద్వారములు ఇఱుకైనవి.

ప్యారీ గ్రంథమునకు వెన్నెముక ‘నౌకరీ’, ‘కామ్’ అను రెండు మాటలు. కర్మాగారపు శాశ్వతోద్యోగము నౌకరీ. కాంట్రాక్టరు క్రింద నాటి కూలి కామ్. కర్మాగారము లోపల పలు కులములవారు, పలు ప్రాంతములవారు కలిసి పనిచేసి, కలిసి తినుటచే పాత హద్దులు కొంత చెరిగినవి. కాని అదే కాలమున శాశ్వతోద్యోగికిని కాంట్రాక్టు కూలీకిని నడుమ కొత్త గోడ లేచినది. ఈ గోడపై పోరాడిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న హత్యచేసిరి. దల్లీ రాజహరా గని కూలీలు 1983లో తమ చందాలతో నిలబెట్టుకొన్న షహీద్ ఆసుపత్రి ఆ ఉద్యమపు గుర్తు. ఆ గనుల రాతితోనే మన కొలిములు ఇన్నాళ్ళు మండినవి.

ఇప్పుడు నా స్వంత దోషమొకటి చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక కార్యాలయమున ఉన్నపుడు ఒక యువకుని తెగ ధ్రువపత్రపు ఫైలు నా బల్లకు వచ్చెను. అతని తాతనాటి రెవెన్యూ పత్రములో తెగ పేరు ఒక విధముగను, రాష్ట్రపు జాబితాలో మఱొక విధముగను ఉండెను. తేడా ఒక్క దీర్ఘము. పట్వారీ చెవికి ఎట్లు వినబడెనో అట్లు వ్రాసినాడు. నేను “జాబితాలో ఈ పేరు లేదు” అని వ్రాసి సంతకము చేసితిని. నిబంధన ప్రకారము నా వ్రాత సరియైనదే. రాజ్యాంగపు 342వ అధికరణము క్రింద ప్రకటించిన జాబితాను పార్లమెంటు తప్ప ఎవరును మార్చరాదని 2000లో మిలింద్ కేసునందు సుప్రీంకోర్టు ధర్మాసనము స్పష్టము చేసియున్నది. ఆ యువకుడు వరండాలో రెండు గంటలు నిలిచి, కాగితము తీసికొని, నమస్కరించి వెళ్ళిపోయెను. అతడేమియు వాదింపలేదు. ఆ నమస్కారమే నన్ను నేటికిని బాధించుచున్నది.

1965లో లోకూర్ సమితి తెగలను గుర్తించుటకు ఐదు లక్షణములు చెప్పినది: ఆదిమ లక్షణములు, విశిష్ట సంస్కృతి, భౌగోళికముగా వేఱుపడియుండుట, పరులతో కలియుటకు జంకు, వెనుకబాటుతనము. ఇస్త్రీ చొక్కాతో వచ్చిన ఆ యువకునియందు వీనిలో ఏది వెదకవలెను? చదువుకొని జంకు పోయినచో హక్కు కూడ పోవలెనా? ఎల్విన్, ఘుర్యేల వాదము ఎనుబది సంవత్సరములు గడచినను ముగియలేదు. అది నా బల్లమీద ఒక దీర్ఘముగా మిగిలియున్నది. 2023లో పార్లమెంటు ఛత్తీస్‌గఢ్ జాబితాను సవరించి, భుఇన్యా, భుయ్యా, భుయాన్ మొదలగు ఉచ్చారణ భేదములను జాబితాలోని పేర్లకు పర్యాయములుగా చేర్చెను. శాస్త్రమును పాలనయు కలిసి తప్పు దిద్దుకొనుటకు ఇది ఉదాహరణము. కాని ఆ దిద్దుబాటునకు ముందు ఎందఱి వయోపరిమితి దాటిపోయినదో ఏ సంపుటములోను వ్రాసియుండదు.

1931 తరువాత సంపూర్ణముగా జరుగని కులగణనను రాబోవు జనగణనలో చేర్చుటకు 2025లో కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. తెలంగాణమున 2024లోనే ఇంటింటి సర్వే జరిగినది. ఈ గణన సమాజమును చీల్చునని కొందఱు, లెక్క లేనిదే న్యాయము లేదని మఱికొందఱు వాదించుచున్నారు. నా అభిప్రాయమున లెక్క అవసరమే. రిజ్లీ లెక్కకును నేటి లెక్కకును భేదము ఉండవలసినది ఒక్కచోటనే: ఆనాడు పేరు పెట్టినవాడు అధికారి, నేడు పేరు చెప్పువాడు ఆ మనిషియే కావలెను. అతడు చెప్పిన పేరును చెప్పినట్లు వ్రాయుట మన ధర్మము.

కావున సంఘ సభ్యులకు నా విన్నపమొకటి. భిలాయికి తొలినాళ్ళలో వచ్చిన తెలుగు కార్మికులలో నేడు మిగిలినవారు కొందఱే. వారి మాటలను వ్రాసి ఉంచుదము. అయితే వారి మాటలతోనే ఆగరాదు. మన క్వార్టర్ల క్రింద ఏ పల్లె పొలముండెనో చెప్పగల ఛత్తీస్‌గఢీ వృద్ధులను కూడ పిలిచి, కుర్చీ వేసి, వినుదము. పుట చివర చెప్పినవారి పేరు వారు పలికినట్లే, దీర్ఘము తప్పకుండ, వ్రాయుదము.