ఒకే దుమ్ము, రెండు చిట్టాలు

వృద్ధాప్యంలో ఆరోగ్యం అందరికీ ఒకేలా ఎందుకు ఉండదన్న ప్రశ్నకు అమెరికాలోనైనా, దక్షిణాఫ్రికాలోనైనా మొదట వినవచ్చే జవాబు జాతి, ఒంటి రంగు. మా బొగ్గుబాయి ప్రాంతంలో షిఫ్టు ముగిసేసరికి అందరి రంగూ ఒకటే. మరి ఇక్కడ తేడా ఎక్కడ పుట్టింది? ఈ టపాలో నేను వెతుకుతున్నది అదే.

ముందు రంగే కొలమానమైన చోటు చూద్దాం. దక్షిణాఫ్రికా బంగారు గనులలో రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌కు 1910ల నుంచే పరిహార చట్టాలున్నాయి. అయితే తెల్లవాడికి పింఛను. నల్లవాడికి ఒక్కసారి చేతిలో పెట్టే చిన్న మొత్తం. ఈ భేదాన్ని చట్టం నుంచి తొలగించింది 1993లో. అప్పటికే లెసోతో వంటి చోట్ల నుంచి వలస వచ్చినవారు ఎందరో చెడిన ఊపిరితిత్తులతో స్వగ్రామాలకు తిరిగిపోయారు. 2018లో గని కంపెనీలు సుమారు 500 కోట్ల రాండ్ల రాజీకి ఒప్పుకున్నాయి. 2019లో న్యాయస్థానం దాన్ని ఆమోదించింది.

ఇక మన సంగతి. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఇల్లందులో బొగ్గు తవ్వకం ప్రారంభించింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. రామగుండం పక్కన గనులు తెరుచుకున్నాక గోదావరిఖని పట్టణమైంది. కరీంనగర్ పల్లెల నుంచి బాయి పనికి వచ్చినవారిలో భూమిలేని దళితులు, వెనుకబడిన కులాలవారు అధికం. వారికి దక్కినది ఎక్కువగా ఫిల్లర్ పని: మందు పేల్చిన చోట, ఆ పొగా దుమ్మూ పూర్తిగా అణగకముందే తట్టా పారా పట్టి టబ్బులు నింపడం. అందులోనూ బదిలీ ఫిల్లరుకు మస్టర్లు నిండితేనే పర్మినెంటు. కులం నేరుగా ఊపిరితిత్తులను చెడగొట్టదు. ఎవరిని ఏ దుమ్ములో నిలబెట్టాలో మాత్రం అది చాలావరకు ముందే నిర్ణయిస్తుంది.

బొగ్గుదుమ్ము వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్ బయటపడటానికి సాధారణంగా పదేళ్ళు, అంతకు మించీ పడుతుంది. నయంచేసే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా అది ముదరవచ్చు. క్షయ అనో, ఉబ్బసం అనో పొరబడటమూ సులభం. అందువల్ల ముప్పై ఏళ్ళ వయసులో పీల్చినదాని లెక్క అరవై దాటాక తేలుతుంది. గనుల చట్టం కింద ఇది ప్రకటిత వ్యాధి అయింది. 1955 నాటి గనుల నిబంధనలు అయిదేళ్ళకొకసారి వైద్యపరీక్ష జరగాలన్నాయి. కానీ వ్యాధి ముదిరే కాలానికి మనిషి హాజరుపట్టీలోనే ఉండడు.

ఇక్కడే రెండు చిట్టాలు వేరవుతాయి. పర్మినెంటు కార్మికుడికి జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ఉంది, 1998 నాటి బొగ్గుగనుల పింఛను పథకం ఉంది, విరమణ తరువాత కంపెనీ వైద్య పథకం ఉంది. మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుకుకు ఉద్యోగం దొరికిన సందర్భాలూ ఉన్నాయి. అంటే తండ్రి పోగొట్టుకున్న ఊపిరి ఇంటికి జీతమై తిరిగి వచ్చింది. ఆ పింఛనులోనూ లోటుంది: విరమణ నాటి జీతాన్ని బట్టి నిర్ణయమయ్యే ఆ మొత్తం కరువు భత్యంతో పాటు పెరగదు. కనుక పాత జీతాలతో దిగిపోయినవారే, వయసు మీరి మందులు ఎక్కువ కావలసినవారే, తక్కువ పింఛనుతో మిగిలారు.

రెండో చిట్టా కాంట్రాక్టు కార్మికులది. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికుల సంఖ్య నేడు 40 వేల దరిదాపుల్లో ఉంది. ఓపెన్‌కాస్టు మట్టి పనులు, రవాణా, పారిశుద్ధ్యం కాంట్రాక్టర్ల చేతికి పోయాయి. వృత్తివ్యాధిని రుజువు చేయాలంటే ఎన్నేళ్ళు ఏ దుమ్ములో పనిచేశాడో కాగితం కావాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా మారిన పేరుతో ఆ లెక్క ముక్కలవుతుంది. ముసలితనంలో అతని దగ్గు కేవలం దగ్గే. దానికి సర్వీసు లేదు.

దక్షిణాఫ్రికాలో వివక్షను చట్టంలోనే రాశారు కనుక, దాన్ని నేరుగా చూపించగలిగారు. ఇక్కడ ఏ చట్టంలోనూ కులం మాట లేదు, కాబట్టి వేలు పెట్టి చూపడం కష్టం. మొదట కావలసినది, కాంట్రాక్టరు పేరుతో కాక కార్మికుడి పేరుతోనే నడిచే దుమ్ము లెక్క. విరమణ తరువాత కూడా, ఏ చిట్టాలోని వారికైనా, ఆగకుండా తీసే ఎక్స్‌రే. మందమర్రి, శ్రీరాంపూర్, కొత్తగూడెం వైపు మిత్రులెవరైనా మీ పెద్దల అనుభవాలు రాస్తే ఈ చరిత్రకు మరికొన్ని పుటలు చేరతాయి.