మన బడులును గురువుల నాయకత్వమును

సభా సంచికకు విద్యావిషయమున నొక చరిత్రవ్యాసము వ్రాయుడని పెద్దలు కోరిరి. యలమంచిలి ప్రాంతమున బడిపనిలో నున్న మేము ఆ యాజ్ఞను సంతోషముతో శిరసావహించితిమి. వసతిగృహములకు చందాలు పోగుచేయుట, విద్యార్థివేతనము లిచ్చుట, పరీక్షలో నెగ్గిన బాలబాలికలకు బహుమానము లొసగుట కులసంఘములకు చిరకాలముగా పరిపాటియై యున్నది. ఇది మెచ్చదగిన పనియే. కాని పరీక్షదాక రాకుండనే బడి విడిచిన పిల్లవాని గతి యేమి? తల్లిదండ్రులు పలక పట్టి యెరుగని యింటినుండి వచ్చిన బిడ్డను బడిలో నిలుపుట ధనమువలన మాత్రమే కాదు. తరగతిలో వాని యెదుట నిలిచిన గురువు నేర్పువలన నగును. ఈ సంగతి మన దేశచరిత్రయే చెప్పుచున్నది.

మన పూర్వపు వీథిబడిని నేడు పరిహసించువారు కలరు. కాని 1789 వ సంవత్సరమున చెన్నపట్టణపు ఎగ్మూరులో అనాథబాలుర పాఠశాలకు అధికారియైన ఆండ్రూ బెల్ అను నతడు, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుటను చూచి, ఆ పద్ధతిని తన పాఠశాలయందు ప్రవేశపెట్టెను. పెద్దపిల్లలచే చిన్నపిల్లలకు చదువు చెప్పించు విధానమునుగూడ అచ్చటనే సాగించి, 1797 లో లండనునందు దానినిగూర్చి యొక పుస్తకము ప్రకటించెను. అది మదరాసు పద్ధతి యను పేర ఇంగ్లాండునందు వ్యాపించెను. మన తాతల ఇసుకపలక ఖండాంతరమున గౌరవము నొందెనన్నమాట.

అయినను లోపము లేకపోలేదు. 1823 లో బళ్లారి జిల్లా కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని బడుల లెక్క తీసి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. తెలుగు వ్యాకరణము రచించినవా డగుటచే నాతనికి మన భాష బాగుగా తెలియును. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండిరి. తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పుటను, పెద్దవారిచే చిన్నవారికి చెప్పించుటను ఆయన కొనియాడెను. కాని పిల్లలు చదువు పద్యకావ్యముల భాష వారు మాటలాడు భాషకు మిక్కిలి దూరమై యుండుటచే, అర్థము తెలియకయే చిలుకలవలె వల్లించుచున్నారని చెప్పెను. పుస్తకముల తీరును, సమర్థులైన గురువుల లేమియు ముఖ్యదోషములని నిర్ణయించెను.

ఇంచుమించు ఎనుబదియైదు సంవత్సరములు గడచినను ఆ ప్రశ్న తీరలేదు. 1907 ప్రాంతమున ఉత్తరపు జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారియై వచ్చిన జె. ఏ. యేట్సు దొర, చిన్నతరగతులలో తెలుగు చెప్పు తీరు చూచి తృప్తి చెందలేదు. జనుల నోట నున్న తెలుగునకును, పుస్తకములోని తెలుగునకును ఇంత భేద మేల యని అడిగెను. విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాసయ్యంగారు, ఈ ప్రశ్నకు విజయనగరమున గురజాడ అప్పారావుగారును, పర్లాకిమిడిలో గిడుగు వేంకట రామమూర్తిగారును సమాధానము చెప్పగలరని సూచించిరి. తరువాతి భాషావాదము లోక మెరిగినదే. అది తరగతిగదిలో, పిల్లవానికి పాఠము బోధపడలేదను చింతనుండి పుట్టినదని మాత్రము మనము మరువరాదు.

గిడుగువారు 1863 లో జన్మించి, 1880 లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. చేరువ కొండలలోని సవరల భాష నేర్వవలెనను కోరికతో, తెలుగు తెలిసిన సవర నొకని తమ యింట నుంచుకొని, లిపిలేని ఆ భాషను అభ్యసించిరి. గురువే ముందు శిష్యుడయ్యెను. అటుపిమ్మట సవరభాషలో వాచకములు కూర్చి, సవర బాలురకు స్వంతఖర్చుతో బడి నడపిరి. వారి సవరభాషా వ్యాకరణము 1931 లో వెలువడెను. వారికి ఆ పని అప్పగించిన పై యధికారి యెవరును లేడు. పిల్లవాని కేమి తెలియునో మొదట తాను తెలిసికొని, అచ్చటినుండి పాఠ మారంభించువాడే నాయకుడని వారి జీవితము చెప్పుచున్నది.

ఆ బాట నేటికిని మూసికొనిపోలేదు. ఇరువదియొకటవ శతాబ్దారంభమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ మొదలగు ఎనిమిది భాషలలో గిరిజన బాలలకు చదువు మొదలుపెట్టించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము, సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధింపవలెనని విధించినది. ఈ సంచిక సంప్రదాయమునుబట్టి మేము గ్రాంథికమున వ్రాయుచున్నాము. కాని ఓనమాలు దిద్దు పసివానితో ఈ భాష మాటలాడుట మాకును ఇష్టము గాదు.

కావున మన సంఘమువారికి మా విన్నపము లివి. మార్కులకు బహుమానమిచ్చు వేదికమీదనే, ఏ పిల్లవానిని బడి విడువనీయని గురువునుగూడ సత్కరింపుడు. ప్రధానోపాధ్యాయులు తోడివారి తరగతులలో వెనుకవరుసను కూర్చుండి, తప్పు పట్టుటకుగాక నేర్చుకొనుటకు పాఠము వినవలెను. చదువులో ముందున్న పిల్లలచే వెనుకబడినవారికి చెప్పించు మన పాతపద్ధతిని తిరిగి మన్నింపవలెను. గురువు పాఠము ముగించి "తెలిసినదా?" యని అడిగి ఊరకుండక, పిల్లవానిచే తన మాటలలో తిరిగి చెప్పింపవలెను. వీనికి చందా యక్కరలేదు; శ్రద్ధ యొక్కటి చాలును. వసతిగృహమునకు గోడలు కట్టిన చేతులు, తరగతిలో మూగవోయి కూర్చున్న బిడ్డచేత మాటాడించు పనికిని తోడ్పడుగాక యని కోరుచున్నాము.